కాలి మాటలు, కళ్లెం మాటలు: 'ఆటంకం' అనడానికి ఏ ఇంగ్లిష్ పదం ఎంచుకోవాలి?

"వానల వల్ల పనులకు ఆటంకం కలిగింది." తెలుగులో ఈ వాక్యం రాసేసి ముందుకెళ్లిపోతాం. అదే సంగతి ఇంగ్లిష్‌లో రాయాల్సి వస్తే చెయ్యి ఆగుతుంది. హిండర్ అనాలా, హ్యాంపర్ అనాలా, ఇంపీడ్, అబ్‌స్ట్రక్ట్, ప్రివెంట్, స్టాల్... వీటిలో ఏది? డిక్షనరీ తీస్తే దాదాపు అన్నిటికీ "అడ్డుపడు, ఆటంకపరచు" అనే ఉంటుంది. దాంతో చేతికందిన మాట వేసేస్తాం. పనులు నెమ్మదించాయా, ఆగిపోయాయా, ఎవరైనా కావాలని ఆపారా అన్నది చదివేవాళ్లకు తేలదు. ఆఫీసు రిపోర్టులోనో వార్తలోనో ఇది చిన్న తేడా కాదు. ఆలస్యమైందని చెప్పబోయి ఆగిపోయిందని రాస్తే, తర్వాత సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది రాసినవాళ్లే.

ఈ గుంపులో మాటలు చాలా ఉన్నాయి. అన్నీ బట్టీపట్టక్కర్లేదు, రెండు ప్రశ్నలు వేసుకుంటే సరిపోతుంది. కదలిక ఇంకా సాగుతోందా, ఆగిపోయిందా? ఆ కదలిక సాగాలని రాసేవాళ్లు అనుకుంటున్నారా, తగ్గాలని అనుకుంటున్నారా? మొదటి ప్రశ్న చాలామందికి తడుతుంది. రెండోది అరుదుగా తడుతుంది. నా లెక్కలో రెండోదే పెద్దది. మీరు ఎంచుకున్న క్రియ, మీరు ఎవరి పక్షాన ఉన్నారో మీ ప్రమేయం లేకుండానే చెప్పేస్తుంది. దాని దగ్గరికి వెళ్లేముందు నడక మాటలు చూద్దాం. అడ్డంకికి సంబంధించిన ఇంగ్లిష్ పదాలు సగం అక్కడే పుట్టాయి.

లింప్, హాబుల్: రెండూ కుంటడమేనా?

లింప్ అంటే ఒక కాలు నొప్పిగా ఉండి, దానిమీద బరువు నిలపలేక, వెంటనే రెండో కాలిమీదికి మారుతూ నడవడం. వైద్యులు యాంటాల్జిక్ గెయిట్ అనేది ఇదే. నొప్పి ఉన్న పాదం నేలమీద ఉండే సమయం తగ్గిపోతుంది, నడక ఒక పక్కకు లయ తప్పుతుంది. అయినా మనిషి ముందుకు పోతూనే ఉంటాడు. ఈ మాటలో పట్టుకోవాల్సింది ఆ పోతూ ఉండటమే. ఇప్పటి కార్లలో లింప్ మోడ్ అని ఒకటి ఉంటుంది. ఇంజన్‌లోనో గేర్‌బాక్స్‌లోనో లోపం కనబడితే కారులోని కంప్యూటర్ శక్తిని తగ్గించేస్తుంది. వేగం అందుకోదు కానీ బండి మెకానిక్ దాకా చేరుతుంది. 1970 ఏప్రిల్ 13న ఆక్సిజన్ ట్యాంకు పేలిన అపోలో 13, చంద్రుడిని చుట్టి వచ్చి 17న పసిఫిక్ సముద్రంలో దిగింది. ఇలాంటి ప్రయాణానికి ఇంగ్లిష్‌లో సహజంగా వచ్చే మాట లింప్డ్ హోమ్. దెబ్బతిన్న ఓడ ఎలాగోలా రేవు చేరితే లింప్డ్ ఇన్‌టు పోర్ట్. పూర్తిగా ఆగిపోయిన దాని గురించి రాస్తుంటే లింప్ పనికిరాదు.

హాబుల్‌లో అడుగు వేయడమే కష్టం. పొక్కులు లేచిన పాదాలు, బిగుసుకున్న కీళ్లు, ఇరుకు చెప్పులు, ముసలితనం లాంటి కారణాలతో చిన్న చిన్న అడుగులు అవస్థగా వేయడం. రెండు కాళ్లూ బాధ పెడుతుండొచ్చు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో 400 మీటర్ల సెమీఫైనల్ మధ్యలో బ్రిటన్ రన్నర్ డెరెక్ రెడ్‌మండ్ తొడ వెనక కండరం దెబ్బతింది. కూలబడ్డవాడు లేచి, ఒంటికాలిమీద గెంతుతూ, తర్వాత తండ్రి భుజం ఆసరాగా గీత దాటాడు. గాయం ఒక్క కాలికే కాబట్టి లింప్ అన్నా తప్పు కాదు. నేనైతే హాబుల్ అంటాను. అక్కడ లయ తప్పడం కంటే ఒక్కో అడుగుకూ పడిన యాతనే ఎక్కువగా కనబడుతుంది.

ఇంకో ఆచరణ సూత్రం ఉంది. ఒక మనిషికి ఎప్పటినుంచో ఉన్న కుంటును చెప్పాలంటే లింప్‌ను నామవాచకంగా వాడతారు. వాక్స్ విత్ ఎ లింప్, ఎ స్లైట్ లింప్ ఇలా. హాబుల్‌ను అలా వాడితే కృతకంగా ఉంటుంది. అది ఈ క్షణంలో ఎలా నడుస్తున్నాడో చెప్పే మాట. విశేషణంగా వచ్చే లింప్‌కు కుంటుతో పనే లేదు. దానికి అర్థం బిగువు లేకుండా వేలాడటం. లింప్ హ్యాండ్‌షేక్ అంటే పట్టులేని కరచాలనం.

ఈ వరసలో మిగతావాటికి ఎక్కువ చెప్పక్కర్లేదు. పాదం ఎత్తకుండా ఈడిస్తే షఫుల్. పార్కిన్‌సన్స్ జబ్బు ఉన్నవారి నడకను వైద్యులు షఫ్లింగ్ గెయిట్ అంటారు. దెబ్బకో మత్తుకో మోయలేని బరువుకో తూలితే స్టాగర్. పడిపోయేలా ఊగుతుంటే టాటర్, ఇది పసిపిల్లలకూ వృద్ధులకూ, కూలబోయే ప్రభుత్వాలకూ నప్పుతుంది. ఫాల్టర్ అంటే తడబడటం. కాళ్లకంటే గొంతుకూ, చర్చలకూ, ఆర్థిక వ్యవస్థకూ ఇది ఎక్కువగా వస్తుంది.

ఇక్కడే తెలుగువాళ్లు తరచూ పడే గుంట ఒకటుంది. "అభివృద్ధి కుంటుపడింది" అన్న వాక్యం చూడగానే లింప్ అని రాయబుద్ధవుతుంది. కానీ మన కుంటుపడటంలో, అప్పటిదాకా బాగా సాగుతున్నది దెబ్బతిందన్న భావం ఉంది. దానికి ఫాల్టర్ దగ్గరి మాట, దాదాపు ఆగిపోతే స్టాల్. నిధుల్లేకుండా ఏళ్ల తరబడి ఈడ్చుకుంటూ వస్తున్న ప్రాజెక్టు అయితే అప్పుడు లింప్ అలాంగ్. "పనులు పడకేశాయి" అంటే మాత్రం కదలికే లేదు కాబట్టి స్టాల్ లేదా గ్రౌండ్ టు ఎ హాల్ట్.

కాళ్లకు కట్టేవి

హాబుల్‌కు ఇంకో ముఖం ఉంది, అక్కడ అది సకర్మక క్రియ. గుర్రం ముందుకాళ్లు రెండింటినీ కాస్త ఎడంతో తాడుతోనో తోలుపట్టీతోనో కట్టి మేతకు వదలడం. అది మేస్తుంది, చిన్న అడుగులు వేస్తుంది, పారిపోలేదు. మన "ముందరికాళ్లకు బంధం వేయడం" అచ్చం ఇదే పని నుంచి వచ్చిన పలుకుబడి. రెండు భాషలూ ఒకే తాడును చూసి ఒకే అర్థం పుట్టించుకున్నాయి కాబట్టి తెలుగు రచయితకు ఇక్కడ తడుముకునే పని లేదు. ఎక్కడ "ముందరికాళ్లకు బంధం" అని తోస్తుందో అక్కడ హాబుల్ నిశ్చింతగా రాయొచ్చు. 1910ల మొదట్లో పాశ్చాత్య దేశాల్లో హాబుల్ స్కర్ట్ అనే ఫ్యాషన్ నడిచింది. కింద అంచు ఎంత బిగుతంటే అడుగు సాగదు. నడవొచ్చు, పరుగెత్తలేరు.

హామ్‌స్ట్రింగ్ దీనికంటే చాలా బరువైన మాట. మోకాలి వెనక ఉండే స్నాయువును కోసేసి గుర్రాన్నో మనిషినో కదలకుండా చేయడం దీని మూలం. బంధం విప్పితే గుర్రం మళ్లీ పరిగెడుతుంది, తెగిన స్నాయువుతో పరిగెత్తలేదు. ఇప్పటి వాడుకలో ఇది ఎక్కువగా కర్మణి రూపంలో, హామ్‌స్ట్రంగ్ అని వస్తుంది. అధికారం ఉండీ, పని చేయాలన్న ఇష్టం ఉండీ, నిబంధనల వల్లో నిధుల లేమి వల్లో చేతులు కట్టేసినట్టు ఉండిపోయిన సంస్థకు ఇది సరైన మాట. ఒకరోజు ఫైలు ఆలస్యమైతే హామ్‌స్ట్రంగ్ అనడం అతిశయోక్తి.

ఫెటర్, మానకిల్, షాకిల్ మూడూ సంకెళ్లే. ఫెటర్ కాళ్లకు, మానకిల్ చేతులకు, షాకిల్ రెండిటికీ చెల్లుతుంది. వీటిలో ఒక విచిత్రం ఉంది. నేటి గద్యంలో ఫెటర్ కంటే అన్‌ఫెటర్డ్ ఎక్కువగా కనబడుతుంది. ట్రామెల్ అనేది మూడు పొరల చేపలవల పేరు కూడా. అది ఒంటరిగా దాదాపు రాదు, అన్‌ట్రామెల్డ్ మాత్రం బతికే ఉంది. అడ్డులేని స్వేచ్ఛను గంభీరంగా చెప్పాలంటే ఈ లేమి రూపాలు బాగుంటాయి. అడ్డంకినే చెప్పాలంటే వేరే మాట వెతుక్కోవడం మేలు.

హిండర్, హ్యాంపర్, ఇంపీడ్, అబ్‌స్ట్రక్ట్

అసలు తికమక ఈ నాలుగింటి దగ్గరే. నాలుగింటికీ తెలుగులో "ఆటంకం" చెల్లిపోతుంది కాబట్టి తేడా కనబడదు.

హిండర్ అన్నిటికంటే విశాలమైనది, సాదాది. వెనక అన్న అర్థమున్న హైండ్‌కు చుట్టం, వెనకబడేలా చేయడం దాని లోపలి భావం. కారణం ఏమిటో, ఉద్దేశం ఉందో లేదో అది చెప్పదు. ఏమీ తోచనప్పుడు హిండర్ రాస్తే తప్పు కాదు, అయితే వాక్యానికి బలమూ రాదు.

హ్యాంపర్‌లో చిక్కుకుపోయిన భావం ఉంది. పనిచేసేవాళ్లు గట్టిగానే ప్రయత్నిస్తున్నారు, పరిస్థితులు కాళ్లకూ చేతులకూ చుట్టుకుంటున్నాయి. అందుకే సహాయక చర్యల వార్తల్లో ఇది అంతగా కనబడుతుంది. వానకో చీకటికో బురదకో కూలిన వంతెనకో రెస్క్యూ ఎఫర్ట్స్ హ్యాంపర్ అవుతాయి. దీనికి కర్త సాధారణంగా మనిషి కాదు, పరిస్థితి. మొదట్లో చెప్పిన వానల వాక్యానికి నా ఎంపిక ఇదే. పని జరుగుతూనే ఉంది, చేసేవాళ్ల తప్పు లేదు, వాన ఇబ్బంది పెట్టింది అన్న మూడు సంగతులూ ఈ ఒక్క మాటలో వచ్చేస్తాయి. తినుబండారాలు పెట్టే బుట్టను కూడా హ్యాంపర్ అంటారు, దానికీ దీనికీ సంబంధం లేదు.

ఇంపీడ్‌ కడుపులో లాటిన్ పాదం ఉంది. పాదాలకు తగులుకోవడం అన్నది దాని పుట్టుక. దానికి ఎదురుమాట ఎక్స్‌పిడైట్, అదే పాదాన్ని చిక్కు నుంచి విడిపించడం. రోమన్లు సైన్యం వెంట మోసుకెళ్లే సామానును ఇంపెడిమెంటా అనేవారు. ఇంపీడ్ అన్నప్పుడు ప్రవాహం గుర్తుకు రావాలి. ట్రాఫిక్, గాలి, రక్తప్రసరణ, దర్యాప్తు, పురోగతి ఇవన్నీ ఇంపీడ్ అవుతాయి. 1886లో ఆలివర్ హెవిసైడ్ విద్యుత్ శాస్త్రానికి ఇంపీడెన్స్ అన్న మాట ఇచ్చాడు. ఏసీ కరెంటు ప్రవాహానికి సర్క్యూట్‌లో ఎదురయ్యే మొత్తం అవరోధం అది, దాన్ని ఓముల్లో కొలుస్తారు. అవరోధం ఉన్నా కరెంటు పారుతూనే ఉంటుంది. మాట స్వభావం అక్కడ స్పష్టంగా కనబడుతుంది. హ్యాంపర్ కంటే ఇది కాస్త గంభీరం, రిపోర్టులకూ న్యాయపత్రాలకూ నప్పుతుంది. ఇంట్లో మాట్లాడుకునే మాటగా రాస్తే బిగుసుకుపోయినట్టు ఉంటుంది.

అబ్‌స్ట్రక్ట్ అంటే దారికి అడ్డంగా ఏదో ఉంది. కూలిన చెట్టు రోడ్డును, స్తంభం చూపును, గొంతులో ఇరుక్కున్న ముక్క శ్వాసనాళాన్ని అబ్‌స్ట్రక్ట్ చేస్తాయి. కర్తగా మనిషి వచ్చాడంటే మాత్రం వాసన మారిపోతుంది, కావాలనే చేశాడన్న అర్థం తోడవుతుంది. అబ్‌స్ట్రక్షన్ ఆఫ్ జస్టిస్ నేరం. క్రికెట్ 37వ నియమం అబ్‌స్ట్రక్టింగ్ ద ఫీల్డ్, అందులో ఔట్ ఇవ్వడానికి బ్యాటర్ ఉద్దేశపూర్వకంగా చేశాడన్నదే కీలకం. మన "మోకాలడ్డడం" దీనికి చక్కగా సరిపోతుంది. కాబట్టి ఒక సహోద్యోగి గురించి మెయిల్ రాస్తూ "అతని ఆలస్యం వల్ల పనికి ఆటంకం" అని చెప్పాలనుకుంటే అబ్‌స్ట్రక్ట్ జోలికి పోవద్దు. అది నింద మోపడమే. డిలే అనే సాదా మాట గానీ, కాస్త మర్యాదగా స్లో డౌన్ గానీ చాలు.

ఫుట్‌బాల్ 12వ నియమం చూస్తే ఈ మాటల మధ్య సరిహద్దులు ఎంత సూక్ష్మమో తెలుస్తుంది. బంతి అందుబాటులో లేనప్పుడు ప్రత్యర్థి దారిలోకి జరిగి అతన్ని అడ్డగించినా, నెమ్మదించేలా చేసినా, దారి మళ్లించినా దాన్ని ఇంపీడింగ్ అంటారు. ఒంటికి ఒళ్లు తగలకపోతే ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్, తగిలితే డైరెక్ట్ ఫ్రీకిక్.

ఆగిపోయిన చోట

హిండర్ దగ్గర ప్రివెంట్ రాయడం మనవాళ్లలో బాగా కనబడే పొరపాటు. ప్రివెంట్ అంటే అసలు జరగనివ్వకపోవడం, ఫలితం సున్నా. "హెవీ రెయిన్ ప్రివెంటెడ్ ద వర్క్" అంటే ఆ రోజు పని జరగలేదని. సగమైనా జరిగితే అది అబద్ధమవుతుంది.

అమెరికాలో కమ్యూనికేషన్స్ నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2015లో ఇచ్చిన ఇంటర్నెట్ ఉత్తర్వు బ్లాకింగ్‌ను ఒకటిగా, థ్రాట్లింగ్‌ను వేరొకటిగా పేర్కొని రెండింటినీ నిషేధించింది. బ్లాక్ చేస్తే సైట్ తెరుచుకోదు. థ్రాటిల్ చేస్తే తెరుచుకుంటుంది, కావాలని నెమ్మదిగా. నెట్ స్పీడు తగ్గించారని చెప్పడానికి థ్రాటిల్‌ను మించిన మాట లేదు, ఉద్దేశమూ అందులోనే ఉంది.

పద్మవ్యూహం దగ్గర సైంధవుడు చేసిన పనికి హిండర్ చాలదు. అభిమన్యుడి వెనకే లోపలికి వెళ్లాల్సిన పాండవులను ఆ రోజు ఒక్కడుగు కూడా పోనివ్వలేదు. దారి పరంగా చెబితే బ్లాక్, వాళ్ల ప్రయత్నం పరంగా చెబితే థ్వార్ట్. థ్వార్ట్‌కు కర్మగా పథకమో ఆశయమో కుట్రో ఉండాలి. ట్రాఫిక్‌ను థ్వార్ట్ చేశారంటే అతకదు. స్టైమీ గోల్ఫ్ నుంచి వచ్చింది. ఒకరి బంతికీ గుంతకూ మధ్య ఇంకొకరి బంతి అడ్డంగా ఉండిపోవడాన్ని అలా అనేవారు. 1952లో ఆ నియమాన్ని తీసేశారు, మాట మాత్రం నిలిచింది. ఎటూ పోలేని చిక్కులో పడిన దర్యాప్తుకో చర్చలకో అది నప్పుతుంది, కాస్త వార్తాపత్రికల ధోరణి.

ఎవరి పక్షాన రాస్తున్నారు?

ఇప్పుడు రెండో ప్రశ్న. ఇప్పటిదాకా చూసినవాటిలో ఇంపీడ్, హాబుల్, హామ్‌స్ట్రింగ్, ఫెటర్ అన్నీ కాలి మాటలు. వీటిని చదువుతుంటే నడవలేకపోతున్నవాడి బాధ తగులుతుంది. ఆ నడక మంచిదే, అది సాగాల్సింది అన్న ఒప్పుకోలు వాటిలో ముందే ఉంది. కర్బ్, రీన్ ఇన్, బ్రైడిల్ వేరే చోట పుట్టాయి. కర్బ్ గుర్రం కింది దవడ దగ్గర బిగించే గొలుసు, రీన్ పగ్గం, బ్రైడిల్ కళ్లెం. ఇవి రౌతు చేతివైపు నుంచి చూసే మాటలు. గుర్రం అదుపు తప్పుతోంది, పట్టుకోవాలి అన్నది వాటి నమ్మకం.

ప్రభుత్వం నిరసనల మీద ఆంక్షలు పెట్టిందనుకుందాం. కర్బ్ అని రాస్తే నిరసనలు శ్రుతి మించాయని ఒప్పుకున్నట్టే. హ్యాంపర్ అనో హాబుల్ అనో రాస్తే నిరసన న్యాయమైనదే, దానికి అడ్డుతగిలారని అన్నట్టు. ఘటన ఒక్కటే, తీర్పులు రెండు. వార్త రాసేవాళ్లు రెంటికీ దూరంగా ఉండాలనుకుంటే రెస్ట్రిక్ట్ లేదా లిమిట్ మంచిది. వాటికి పక్షం దాదాపు లేదు. తెలుగులో కూడా "కళ్లెం వేసింది", "గొంతు నొక్కింది" అన్న తేడా ఉందని మనకు తెలుసు. తెలుగులో అప్రమత్తంగా ఉండేవాళ్లు సైతం ఇంగ్లిష్‌కు వచ్చేసరికి ఈ జాగ్రత్త వదిలేయడం చూస్తుంటాను. అలాంటి చోట్ల పాఠకుడికి అన్యాయం జరుగుతుందని నా గట్టి నమ్మకం.

ధరలు, కాలుష్యం, అవినీతి, ఖర్చు లాంటివి తగ్గాల్సినవే అని అందరూ ఒప్పుకుంటారు. అక్కడ కర్బ్ నిస్సంకోచంగా వాడొచ్చు. ఒకటే షరతు, కర్బ్ అంటే అదుపు చేయడం, నిర్మూలించడం కాదు. రీన్ ఇన్‌లో ఇంకొంచెం నాటకీయత ఉంది. చెయ్యి దాటిపోయినదాన్ని వెనక్కి లాగడం కాబట్టి దూకుడుగా పోతున్న అధికారికో ఖర్చుకో సరిపోతుంది. బ్రైడిల్‌లో ఒక ఉచ్చు ఉంది. బ్రైడిల్ అనే క్రియ పక్కన యాట్ చేరితే అర్థం మారి, ఒక మాటకు మండిపడటం అవుతుంది. చెక్ చదరంగం నుంచి వచ్చింది, దాని మూలం పారశీక షా, అంటే రాజు. తెలుగు పత్రికల్లో "చెక్ పెట్టారు" రోజూ కనబడుతుంది. ఇంగ్లిష్‌లో ఒంటరి చెక్‌కు పరిశీలించడం అన్న అర్థమే ముందు తడుతుంది. అందుకే కీప్ ఇన్ చెక్ అని మొత్తంగా రాయడం క్షేమం.

కంటెయిన్ ఇంకో రకం. ఉన్నదాన్ని ఉన్నచోటే ఉంచి, హద్దు దాటనివ్వకపోవడం. మంటలకూ అంటువ్యాధులకూ వాడతారు. 1947లో అమెరికన్ దౌత్యవేత్త జార్జ్ కెనన్ ప్రతిపాదించిన కంటెయిన్‌మెంట్ విధానం ఉద్దేశం సోవియట్ ప్రభావాన్ని తుడిచేయడం కాదు, విస్తరించకుండా చూడటం. కరోనా రోజుల్లో కంటెయిన్‌మెంట్ జోన్ అన్న మాటను అందరం విన్నాం. "వైరస్‌ను కట్టడి చేయాలి" అన్నప్పుడు కర్బ్ కంటే కంటెయిన్ నిక్కచ్చిగా ఉంటుంది.

రెస్ట్రెయిన్, కన్‌స్ట్రెయిన్, రెస్ట్రిక్ట్, కన్‌ఫైన్

వీటిలో రెస్ట్రెయిన్‌కు గౌరవం ఎక్కువ. కారు స్టీరింగ్ మీద ఎస్‌ఆర్‌ఎస్ అన్న అక్షరాలు చూసే ఉంటారు, సప్లిమెంటల్ రెస్ట్రెయింట్ సిస్టమ్. ఎయిర్‌బ్యాగ్ పని మనిషిని ముందుకు విసిరేయకుండా పట్టి ఉంచడం, కాపాడటానికి ఆపడం. రెండు దేశాల మధ్య ఉద్రిక్తత పెరిగితే దౌత్యవేత్తలు కోరేది ఎక్సర్‌సైజ్ రెస్ట్రెయింట్, తెలుగులో సంయమనం పాటించండి అని. కొట్లాటకు దిగిన మనిషిని పట్టుకుంటే రెస్ట్రెయిన్. తనను తాను తమాయించుకున్నా రెస్ట్రెయినే. దీని తర్వాత ఫ్రమ్ వచ్చి, క్రియకు ఐఎన్‌జీ చేరుతుంది.

కన్‌స్ట్రెయిన్ దాని కవలలా కనబడుతుంది కానీ దారి వేరు. పరిస్థితులు ఇరుకున పెడితే కన్‌స్ట్రెయిన్. బడ్జెట్, సమయం, స్థలం ఇవన్నీ కన్‌స్ట్రెయింట్స్. ప్రమాదమంతా టు చేరినప్పుడు. ఐ ఫెల్ట్ కన్‌స్ట్రెయిన్డ్ టు రిజైన్ అంటే రాజీనామా చేయకుండా ఆగానని కాదు, చేయక తప్పలేదని. ఫ్రమ్, టు తారుమారైతే వాక్యం తలకిందులవుతుంది.

రెస్ట్రిక్ట్ నిబంధనల మాట. ఎంతమంది, ఎన్ని గంటలు, ఏ వయసు అని గీత గీయడం. కన్‌ఫైన్‌లో గోడలున్నాయి. గదికో మంచానికో దీవికో పరిమితం చేయడం. "నా వ్యాఖ్యలను ఈ అంశానికే పరిమితం చేస్తాను" అన్నప్పుడు కూడా కన్‌ఫైన్ అందంగా ఉంటుంది. రెంటికీ తర్వాత టు రావాలి.

ఇన్‌హిబిట్‌ను వీటిలో కలపకపోవడం మంచిది. అది లోపలి ప్రక్రియను అణచే మాట. రక్తపోటుకు వాడే ఏస్ ఇన్‌హిబిటర్ మందులు ఒక ఎంజైమ్ పనిని అణుస్తాయి. మనిషిలో అయితే బిడియం, సంకోచం. భయం ప్రశ్నలు అడగనివ్వకుండా చేస్తే ఇన్‌హిబిట్. రోడ్డుమీద లారీ అడ్డంగా ఉంటే ఆ మాట అక్కర్లేదు.

వదిలేయాల్సినవి

క్రిపుల్, లేమ్, రిటార్డ్, హ్యాండీక్యాప్. ఈ నాలుగూ ఇదే అర్థవలయంలో ఉన్నాయి, నాలుగూ మనుషులను గాయపరిచిన మాటలు. మనిషిని క్రిపుల్ అనడం ఇప్పుడు తిట్టు కిందే లెక్క. క్రిప్లింగ్ డెట్ లాంటి ప్రయోగాలు పత్రికల్లో ఇంకా ఉన్నాయి, అయినా క్రషింగ్ డెట్ అంటే అర్థం ఏమీ తగ్గదు. రిటార్డ్ అనే క్రియ ఫైర్ రిటార్డెంట్ లాంటి సాంకేతిక పదాల్లో నిలుస్తుంది, మనుషుల దగ్గరికి తేకూడదు. అమెరికా 2010లో రోసాస్ లా అనే చట్టంతో ఫెడరల్ చట్టాల్లోంచి మెంటల్ రిటార్డేషన్ అన్న మాటను తీసేసి ఇంటెలెక్చువల్ డిజెబిలిటీ అని పెట్టింది. హ్యాండీక్యాప్ గోల్ఫ్‌లోనూ గుర్రప్పందాల్లోనూ సాంకేతిక పదం, అక్కడ ఇబ్బంది లేదు. వైకల్యం ఉన్న మనిషికి అది పాతబడిన, చిన్నబుచ్చే పదం. లేమ్ ఎక్స్‌క్యూజ్ బదులు వీక్ ఎక్స్‌క్యూజ్ అనొచ్చు.

లేమ్ డక్ మాత్రం రాజకీయాల్లో స్థిరపడిపోయింది. 18వ శతాబ్దంలో లండన్ స్టాక్ మార్కెట్‌లో బాకీ తీర్చలేనివాణ్ని అలా అనేవారు. తర్వాత వారసుడు ఎన్నికై, గడువు ఇంకా మిగిలిన నాయకుడికి ఆ పేరు అంటింది. 1933లో వచ్చిన అమెరికా 20వ రాజ్యాంగ సవరణ అధ్యక్షుడి ప్రమాణస్వీకారాన్ని మార్చి 4 నుంచి జనవరి 20కి జరిపింది, ఆ చేతకాని కాలం తగ్గించడానికే. దాన్ని అనువదించేటప్పుడు "కుంటి బాతు" అని రాయకుండా, "పదవీకాలం ముగియనున్న ప్రభుత్వం" అంటే చాలు.

రాసేముందు సరిచూసుకోవాల్సినవి

ఇంకా ఎంపిక తేలకపోతే ఇలా చేయండి. కారణం వాతావరణమో పరిస్థితో అయితే హ్యాంపర్. ప్రవాహమో పురోగతో నెమ్మదిస్తే, రాత గంభీరమైనదైతే ఇంపీడ్. మనిషి కావాలని అడ్డుపడ్డాడని ఆధారాలు ఉంటే అబ్‌స్ట్రక్ట్, లేకపోతే ఆ మాట వద్దు. నియమాలు శక్తిని తీసేస్తే హామ్‌స్ట్రంగ్. తగ్గాల్సినదే తగ్గిస్తే కర్బ్. అనుమానం తీరకపోతే స్లో డౌన్, డిలే, స్టాప్. ఈ మూడూ చిన్న మాటలే కానీ ఎవరినీ తప్పుదారి పట్టించవు.

స్పెల్లింగుల్లో మూడు చోట్ల చెయ్యి జారుతుంది. హిండర్‌లో డి తర్వాత ఇ ఉంటుంది, హిండ్రెన్స్‌లో ఆ ఇ ఎగిరిపోయి డి పక్కనే ఆర్ వస్తుంది. హామ్‌స్ట్రింగ్‌కు భూతకాలం ఇప్పుడు ఎక్కువగా హామ్‌స్ట్రంగ్ అనే రాస్తారు. పగ్గం లాగే రీన్‌కు నాలుగే అక్షరాలు, మధ్యలో జి పెడితే అది రాజ్యపాలన అనే వేరే మాట అవుతుంది. స్పెల్‌చెక్ దీన్ని తరచూ పట్టుకోలేదు, ఎందుకంటే రెండూ సరైన పదాలే.